నేటి ధారావాహికలలో వింతయు, మనుష్యుడును

టెలివిజను ధారావాహికలను గూర్చి మాటాడు పెద్దలలో రెండు తెగలు గలవు. మొదటివారు వానిని చూడనే కూడదందురు. రెండవవారు ఏది చూచినను నష్టము లేదందురు. ఈ యిరుతెగలవారిలో మొదటినుండి చివరవరకు ఒక్క ధారావాహికయైన చూచినవారు మిక్కిలి తక్కువయని మా యనుమానము. మేము చూచితిమి. సెలవు రాత్రులును, కొన్ని ఆదివారపు మధ్యాహ్నములును వెచ్చించి చూచితిమి. కావున ఏవి చూడదగినవి, ఏవి కావు, ఏల కావు అని చెప్పుటకు మాకు కొంత అధికారము కలదనుకొనుచున్నాము. ముందుగా విజ్ఞానకల్పనలను గూర్చి చెప్పెదము, ఏలయన ఆక్షేపణలన్నియు వానిమీదనే ఎక్కువ.

కథ కొక్క అసంభవము చాలునని హెచ్.జి. వెల్స్ మతము. కాలయంత్రమును గూర్చిన నవలను 1895లో ప్రకటించిన యాతనికి ఈ విషయము తెలియకుండునా? ఒక్క వింతను చదువరిచేత నమ్మించి, తక్కినదంతయు మన వీధిలో జరుగుచున్నట్లు నడపవలెను. ఏదైనను జరుగవచ్చునన్నచో దేనియందును మనస్సు నిలువదు. తెలుగువారికిది క్రొత్తగాదు. సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో తీసిన 'ఆదిత్య 369' చూచినవారు కాలయంత్రము నొక్కసారి నమ్మిరి. అటుపిమ్మట కృష్ణదేవరాయల కొలువులో నేటి యువకుడు పడిన చిక్కులన్నియు వారికి సహజముగనే తోచినవి.

ఈ కొలతతో చూచినచో 2019లో మొదలైన 'ఫర్ ఆల్ మాన్‌కైండ్' అను ధారావాహికకు మేము మంచి మార్కులు వేయుదుము. అందలి అసంభవ మొక్కటే: 1969లో అమెరికావారికంటె ముందుగా సోవియట్ వారు చంద్రునిపై కాలుమోపిరి. సోవియట్ రాకెట్ల నిర్మాతలలో అగ్రగణ్యుడైన సెర్గీ కొరొల్యోవ్ నిజమునకు 1966 జనవరిలో మరణించెను. ఆతడు బ్రదికియుండినచో ఏమగునన్న ప్రశ్నయే కథకు విత్తనమని దాని కర్తలలో నొకడైన రొనాల్డ్ డి. మూర్ చెప్పియున్నాడు. ఓడినవారు పోటీ మానరు గదా! సోవియట్ వారు ఒక స్త్రీని చంద్రునిపైకి పంపిరి. అమెరికావారును పట్టుదలతో స్త్రీలకు వ్యోమయాన శిక్షణ నీయవలసివచ్చెను. ఒక్క మరణము తప్పుటచేత లోకమింత మారునా యని చూపరి ఆశ్చర్యపడును. లెక్క మాత్రము తప్పినట్లు తోచదు. తరువాతి సీజనులలో కుటుంబకలహములు ముదిరి చంద్రుడు వెనుకబడినాడన్నదొక్కటే మా కొఱత.

'ఆండోర్' స్టార్ వార్స్ లోకమునకు చెందినదగుటచేత పిల్లల బొమ్మలాటయని త్రోసివేయువారు గలరు. 2022లో పండ్రెండు భాగములును, 2025లో పండ్రెండు భాగములును వెలువడిన ఈ కథలో వెలుగుకత్తుల యుద్ధములు లేవు. టోనీ గిల్రాయ్ దీనిని సామాన్యుల కథగా నడిపినాడు. మొదటి సీజనులోని చెఱసాలను చూడుడు. ఖైదీలకు కాళ్లకు చెప్పులుండవు, నేలయంతయు విద్యుత్తు. బల్లకు ఏడుగురు, గదికి ఏడు బల్లలు, దినమునకు పండ్రెండు గంటల పని. వెనుకబడిన బల్లవారికి శిక్ష. కావలివారికంటె ఆ పోటీయే ఖైదీలను గట్టిగా కట్టివేయును. తాము బిగించుచున్న భాగములు దేనికో వారికి తెలియదు. ఆఖరి భాగము ముగిసి పేర్లన్నియు నడచిన పిమ్మటగాని చూపరికిని తెలియదు. అందఱిని తప్పించిన మేస్త్రీ కినో లోయ్ చుట్టునున్న సముద్రమును చూచి తనకు ఈత రాదనును. ఆ యొక్క మాటకు మేము చాలసేపు మాటాడలేకపోతిమి.

ఇక మేమెక్కువగా చెప్పదలచినది 'సెవరెన్స్' గూర్చి. డాన్ ఎరిక్సన్ కల్పించిన ఈ కథ 2022 ఫిబ్రవరిలో ఆరంభమైనది. వింత యిది: ఉద్యోగి మెదడులో ఒక చిన్న పరికరము నమర్చుదురు. ఆతడు ఉదయమున కంపెనీ లిఫ్టులో దిగగానే ఇల్లు, బంధువులు, కష్టసుఖములు సమస్తమును మఱచును. ఇంటిపేరులో తొలి అక్షరము మాత్రమే మిగులును. సాయంకాలము మరల పైకి రాగానే లోపల చేసిన పనియంతయు మఱచును. పైనున్నవానికి ఎనిమిది గంటలు ఱెప్పపాటులో గడచి జీతము చేతికి వచ్చును. లోపలివానికో? లిఫ్టు తలుపు మూసికొనును, తెఱచుకొనును. అంతలో మఱునాటి ఉదయము. వానికి రాత్రి లేదు, నిద్ర యెఱుగడు, ఆదివారమన్నది విని యుండునేగాని చూచి యుండడు. బాగుగ పనిచేసినందుకు బహుమానము ఖర్బూజా ముక్కలు.

కథానాయకుడు మార్క్ భార్య పోయిన దుఃఖమును దినమునకు ఎనిమిది గంటలైనను మఱచుటకై ఈ చికిత్సకు ఒప్పుకొనినాడు. ఆ భాగము బాగుగనే యున్నది. మాకు మఱపురానిది మాత్రము హెలీ అను స్త్రీ. లోపల మేలుకొనిన తొలిదినముననే ఆమె పని మానుదునన్నది. రాజీనామాను ఎవరంగీకరింపవలెను? పైనున్న తానే. పైనున్న హెలీ దానిని త్రోసివేసి, లోపలిదానికి మనుష్యులలో లెక్కయే లేదని నిర్దయగా చెప్పి పంపినది.

వెట్టి అను మాట తెలుగువారికి, విశేషించి తెలంగాణమున, నిఘంటువు చూడకయే తెలియును. ఆ వెట్టిలో చేయించువాడొకడు, చేయువాడొకడు. ఇచ్చట ఇరువురకును దేహమొక్కటే. కూలి తీసికొను చేయియు, చాకిరి చేయు చేయియు ఒక్కటే. ఐనను అన్యాయమందు లేశమైనను తగ్గలేదు. ఈ సంగతి ఉపన్యాసముగా చెప్పినచో ఎవరును వినరు. లిఫ్టు తలుపును రెండు పర్యాయములు తెఱచి మూసి వారు చెప్పివేసినారు. తల్లిదండ్రులు కొందఱు ఇట్టి కథలను వట్టి గగనకుసుమములందురు. కుమారునకు గాని కుమార్తెకు గాని ఉద్యోగము వచ్చినపుడు జీతమెంతయని మాత్రమే యడిగి, అచ్చట పగలెట్లు గడచుచున్నదని యడుగనివారు ఈ కథను తప్పక చూడవలయునని మా కోరిక.

(2025లో వచ్చిన రెండవ సీజనును చూడనివారు ఈ పేరాను విడిచిపెట్టవచ్చును.) అందు చివర లోపలి మార్కును, వెలుపలి మార్కును ఒకరితో నొకరు మాటాడుకొందురు. ఒకే దేహమగుటచే ఎదురుపడుట సాధ్యము కాదు. కావున ఒకడు చిన్న కెమెరాలో మాటాడి యుంచగా రెండవవాడు చూచి బదులు చెప్పును. వెలుపలివాడు మొదట మిక్కిలి మర్యాదగా మాటాడును. లోపలివాడు ప్రేమించిన స్త్రీ పేరును ఆతడు తప్పుగా పలికిన క్షణమున ఆ మర్యాద యెంతటిదో తేలిపోవును. చివరకు లోపలివాడు వెలుపలివాని భార్యను విడిపించి, తాను మాత్రము వెంట పోక నిలిచిపోయినాడు. అది కృతఘ్నతయని మా మిత్రులలో కొందఱనిరి. మేమట్లు తలపము. అడుగు దాటినచో మరల ఎన్నటికిని మేలుకొననేమోయని భయపడువానిని త్యాగము చేయుమనుటకు ఆతని జీతము తిన్నవాని కేమి హక్కు?

ఇంత పొగడిన పిమ్మట నిష్ఠురమును దాచకూడదు. ఈ ధారావాహికలో చిక్కుముడులు మితిమీరినవి. కంపెనీ మేడలో ఒక గదినిండ మేకపిల్లలేల? రెండవ సీజనులో సమాధానము కొంత దొరకినది గాని, సమాధానముకొఱకు మేకలు పుట్టినవో, మేకలకొఱకు సమాధానము పుట్టినదో తేల్చలేకున్నాము. చిక్కు వేయుట సులువు. విప్పుటకు తగిన దారము ముందే చేతిలో నుండవలెను. పైగా మొదటి సీజను 2022 ఏప్రిలులో ముగియగా రెండవది 2025 జనవరిలో గాని రాలేదు. 2023లో రచయితలును నటులును చేసిన సమ్మెలు అందుకు కొంత కారణము. ఆ సమ్మెలను మేము తప్పుపట్టము. ఐనను రెండేండ్ల తొమ్మిది నెలలలో తొమ్మిదవ తరగతి బాలుడు పాఠశాలనే విడిచి కళాశాలలో చేరిపోవును. అంతవఱకు మేకలను జ్ఞాపకముంచుకొమ్మనుట న్యాయమా?

ఇందుకు బదులుగా 'ది పిట్' ను చూపవచ్చును. ఇది విజ్ఞానకల్పన కాదు, వైద్యశాల కథ. పిట్స్‌బర్గు నగరములోని అత్యవసర వైద్యవిభాగమున ఒక్క దినము జరిగినది పదునైదు భాగములు, భాగమునకొక గంట. 2025 జనవరిలో మొదటి సీజను రాగా, సరిగా ఏడాదికి రెండవది వచ్చినది. అందు చిక్కుముడి యొక్కటియు లేదు. రోగులు వేచియున్నారు, మంచములు చాలవు, నర్సులు చాలరు. పెద్ద వైద్యుడు కోవిడు కాలమున తన గురువును పోగొట్టుకొనిన దినమే యది. నోవా వైలీ నటన నిబ్బరముగా నున్నది. ఒక్కదినముననే అన్ని విపత్తులును వచ్చిపడుట మాకు కొంత ఎక్కువ తోచినను, తరువాతి గంటకొఱకు ఆత్రపడని చూపరి యుండడు.

కడపటిది 'అడాలసెన్స్'. 2025 మార్చిలో వచ్చిన నాలుగు భాగముల ఇంగ్లాండు కథ. స్టీఫెన్ గ్రాహమును, జాక్ థార్నును వ్రాసినది. భాగమంతయు ఎచ్చటను కోత లేక ఒకే షాటులో తీసినారు. పదమూడేండ్ల జేమీని తోటి విద్యార్థినిని చంపిన నేరముపై పోలీసులు తెల్లవారుజామున పట్టుకొనిపోదురు. చేసినదెవరన్న అనుమానమును మొదటి భాగముననే తీర్చివేసి, ఏల చేసెనన్న ప్రశ్ననే తక్కిన మూడు భాగములును వెదకును. జేమీగా నటించిన ఓవెన్ కూపరు అంతకుముందు ఎన్నడును తెఱమీద నటింపలేదు. 2025 సెప్టెంబరులో పదునైదేండ్ల వయసున ఎమ్మీ బహుమానము పొందెను.

రెండవ భాగమున పోలీసు అధికారి పాఠశాలకు పోయి ఒక్క సంగతియు గ్రహింపలేక తిరుగుచుండును. ఆ బాలిక జేమీ చిత్రముల క్రింద ఉంచిన చిన్న బొమ్మగుర్తులు స్నేహమునకు చిహ్నములని యాతని తలంపు. అవి హేళనలని, ఒక్కొక రంగు హృదయమున కొక్కొక అర్థము కలదని, అదే పాఠశాలలో చదువుచున్న ఆతని కుమారుడే సిగ్గుపడుచు తండ్రికి చెప్పవలసివచ్చెను. ఇది ఇంగ్లాండువారి గొడవయని మనవారు తలుపు మూసికొనరాదు. పిల్లవాని ఫోనులోని గుర్తులకు అర్థము చెప్పగల తండ్రులు మన ఊళ్లలోను ఎందఱు గలరు?

మా కొక గట్టి ఆక్షేపణ కలదు. చనిపోయిన కేటీ యింటికి ఈ కెమెరా ఒక్కసారియైనను పోలేదు. చంపినవానిని లోకము తలచుకొనును, చచ్చినదానిని మఱచునని స్త్రీ పోలీసుచేత ఒక మాట అనిపించినారు. తెలిసి చేసిన లోపమైనను లోపము లోపమే. నాలుగు భాగములలో ఒకటి ఆ తల్లిదండ్రులకీయదగినది.

బ్రిటనులోని సెకండరీ పాఠశాలలన్నిటను దీనిని ఉచితముగా చూపుటకు 2025 మార్చి చివర ఏర్పాటు జరిగినది. తరగతిగదిలో నలువదిమంది నడుమ చూచుటకంటె ఇంటియందు పెద్దలతో చూచుట మేలని మా అభిప్రాయము; తరగతిలో ఒకడు నవ్వినచో అందఱును నవ్వుదురు. పెద్దలు ముందుగా తాము చూడవలెను. మనశ్శాస్త్రజ్ఞురాలితో జేమీ మాటాడు మూడవ భాగము పదమూడేండ్లలోపువారికి తగదు. నాలుగవ భాగమున తల్లిదండ్రులు తమ గదిలో మంచముపై కూర్చుండి, తామెచ్చట తప్పితిమోయని మెల్లగా మాటాడుకొందురు. ఆ సమయమున పెద్దపిల్లలను మంచినీళ్లు తెమ్మని లేపి పంపకుడు.