నల్లతెర ముందు

పులివెందుల జేఎన్‌టీయూలోనో, ప్రొద్దుటూరు యోగి వేమన ఇంజనీరింగ్ కాలేజీలోనో చదివి బెంగళూరు బస్సెక్కే మన పిల్లలకు ఉద్యోగంలో చేరగానే టెర్మినల్ ఎదురవుతుంది. అందులో ఏ కమాండ్ ఎంచుకోవాలన్నదే ఈ సంచిక.

వెతకడమే తీసుకుందాం. 1970ల నాటి గ్రెప్ దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ ఉంటుంది. 2016లో వచ్చిన రిప్‌గ్రెప్‌ది మహా వేగం. కానీ గిట్‌ఇగ్నోర్‌లో రాసిన ఫైళ్లనూ, చుక్కతో మొదలయ్యేవాటినీ చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. పాస్‌వర్డ్ డాట్ ఎన్వ్ ఫైల్లో ఉందా, ఎంత వెతికినా దొరకదు. యు ఆప్షన్ రెండుసార్లు ఇవ్వాల్సిందే.

వేగం లెక్కలు లోపల ఉన్నాయి. మా మొగ్గు మాత్రం ముందు గ్రెప్ చేతికి అలవాటు చేసుకోమనే: కొత్తవి ఇన్‌స్టాల్ చేయనివ్వని సర్వర్లు చాలానే ఉంటాయి మరి. జమ్మలమడుగులో ఇంటినుంచి పనిచేసేవారు టీమక్స్ పేజీలు ముందు తిప్పండి. టీమక్స్ వాడితే నెట్ తెగినా సర్వర్‌లో పని ఆగదు.