ఆరోగ్య వేదిక: కూర్చునే చోటు కుదరవలెను

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు హెచ్చరించారు. కూర్చునే తీరు కుదరకపోతే ఎంతటి ఉత్సాహమైనా కరిగిపోతుందని మాకు సైకిలు నేర్పినది.

హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడు గారి పేరిట వెలసిన సరోజినీ నగర్‌లో మా నివాసం. 2019లో గోవాలో జరిగిన ట్రయథ్లాన్ పోటీని గురించి చదివిన నాటినుండి, యాభయ్యవ పడి సమీపిస్తున్నా, మాకూ ఒక కోరిక కలిగినది. అందులో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు ప్రయాణం, 21.1 కిలోమీటర్ల పరుగు వరుసగా పూర్తిచేయవలెను. 1978లో హవాయిలో ఆరంభమైన పూర్తిస్థాయి పోటీలోనైతే సైకిలు దూరమే 180 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఆఫ్రికా అవెన్యూ మీదుగా శాంతిపథ్ చేరి సాధన మొదలుపెట్టాము.

నలభై కిలోమీటర్లు దాటేసరికి నొప్పి, ఆపైన తిమ్మిరి. మెత్తనిదే సుఖమని భావించి సీటుకు జెల్ కవరు తొడిగాము. తిమ్మిరి తగ్గకపోగా అధికమైనది. ఒకనాడు సైకిలు దిగిన గంట తరువాత కూడా స్పర్శ తిరిగి రాలేదు. ఆ మాట ఎవరితో చెప్పుకోగలము? మూడు వారాలు మౌనం వహించాము. చివరకు మా శ్రీమతి "ఏమండీ, మీ నడక మారినదేమిటి?" అని నిలదీసి, డాక్టరు గారి వద్దకు వెంటబెట్టుకొని వెళ్లినది. నరం నొక్కుకుపోతున్నదనీ, ఉపేక్షిస్తే హాని చాలాకాలం నిలవవచ్చుననీ ఆయన హెచ్చరించి, కొన్నాళ్లు సైకిలు మాన్పించారు.

ఆ విరామంలో తెలుసుకున్న సంగతులివి. మన బరువును మోయవలసినవి పిరుదుల అడుగున ఉన్న రెండు ఎముకలు. సీటు మరీ మెత్తనిదైతే ఆ ఎముకలు లోనికి దిగబడి, నడుమనున్న నరాలపై, రక్తనాళాలపై ఒత్తిడి పడుతుంది. ట్రయథ్లాన్ సైకిలుపై మోచేతులు ఆనించి ముందుకు వంగినప్పుడు కటిభాగం కూడా ముందుకు వాలి, బరువు సీటు ముక్కుపైకి చేరుతుంది. అందుకే వారి సీట్లకు నడుమ చీలికో, ముక్కు లేకపోవడమో కనిపిస్తుంది. సైకిళ్లపై గస్తీ తిరిగే అమెరికా పోలీసులపై అక్కడి ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ జరిపిన అధ్యయనం 2008లో వెలువడినది. ముక్కులేని సీటు ఆరు నెలలు వాడిన తరువాత, తిమ్మిరి లేదన్నవారు 27 శాతం నుండి 82 శాతానికి పెరిగారు.

సీటు వెడల్పు తెలుసుకొనుటకు ఖర్చేమీ లేదు. గట్టి పీటపై అట్టపెట్టె ముక్క పరచి, కాసేపు కూర్చుని లేవండి. రెండు గుంటల మధ్య దూరం కొలిచి, సుమారు 2 సెంటీమీటర్లు కలపండి. స్త్రీలకు సాధారణంగా ఈ దూరం ఎక్కువ గనుక, ఇంట్లో ఒకరికి కుదిరిన సీటు మరొకరికి కుదరకపోవచ్చును. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు స్వల్పంగా వంగి ఉండవలెను. సీటు ఎత్తు ఎక్కువైతే నడుము ఇటూ అటూ ఊగి చర్మం ఒరుసుకుపోతుంది. సీటును తొలుత సమతలంగా బిగించి, మార్పులు కొద్దికొద్దిగా చేయవలెను. జీన్సు ప్యాంటు దూరప్రయాణానికి పనికిరాదు; దాని లావుపాటి కుట్లే శత్రువులు. మెత్త కుట్టిన సైకిలు నిక్కరు ధరించి, దాని లోపల వేరే లోదుస్తులు వేయరాదు.

మా సరోజినీ నగర్ బజారులో చొక్కాను చూసి, బేరమాడి కొనవచ్చును. సీటు విషయంలో ఆ నేర్పు చాలదు. దానిపై కనీసం రెండు గంటలు ప్రయాణించి గాని నిర్ణయించరాదు. మేము జెల్ కవరు తీసివేసి, కొలతకు సరిపడిన, నడుమ చీలిక గల గట్టి సీటు బిగించుకున్నాము. మొదటి వారం కొంత నొప్పి తెలిసినది గాని తిమ్మిరి రాలేదు. మొన్న 90 కిలోమీటర్లు పూర్తిచేసి ఇల్లు చేరితే, శ్రీమతి మా ముఖం చూడలేదు, నడక చూసినది!

నొప్పిని ఓర్చుకోవడం సాధనలో భాగమే కావచ్చును. తిమ్మిరిని ఓర్చుకోవడం మాత్రం కాదు. సైకిలు దిగాక కూడా అది పోకుంటే, బిడియం మాని ముందు ఇంట్లోవారికి, ఆపై డాక్టరుకు చెప్పండి. మేము వృథా చేసిన మూడు వారాలు మీరు చేయవద్దు.