జూలైలో పోయిన పాట ఫిబ్రవరిలో దొరికింది

మీ ఫోన్‌లో ఏ మ్యూజిక్ యాప్ ఉన్నా సరే, ‘పికప్ ద పీసెస్’ అని కొట్టి చూడండి. యావరేజ్ వైట్ బ్యాండ్ వాళ్లది. పాట పేరు, బ్యాండ్ పేరు, ఒక ఏడాది కనిపిస్తాయి. అంతే. డేటాబేస్‌లో రిలీజ్ డేట్‌కి ఇచ్చేది ఒకటే కాలమ్ మరి. అలాంటి టేబుల్స్ తయారుచేసి జీతం తీసుకునేదాన్నే నేనూ, కాబట్టి ఎవర్నీ తిట్టలేను. కానీ ఈ పాట విషయంలో ఆ ఒక్క కాలమ్ అస్సలు సరిపోదు.

ముందు పాట సంగతి. ఇందులో లిరిక్స్ లేవనే చెప్పాలి. మధ్యలో అందరూ కలిసి టైటిల్‌ని అరుస్తారు, అంతకు మించి మాటల్లేవు. గిటార్ సన్నగా గీకుతుంటే బేస్ కింద నుంచి తోస్తూ ఉంటుంది. వాటి మీద రెండు సాక్సఫోన్లు ఒకే ముక్కని మళ్లీ మళ్లీ వాయిస్తాయి. ఒక్కసారి విన్నారంటే సాయంత్రం దాకా బుర్రలో తిరుగుతుంది. జాజ్ వాయిద్యాలు, ఫంక్ నడక. వింటే అమెరికాలో నల్లజాతి బ్యాండ్ ఏదో వాయిస్తోంది అనుకుంటాం. వాయించింది స్కాట్లాండ్ కుర్రాళ్లు.

1973లో వీళ్ల మొదటి ఆల్బం ఎంసీఏ కంపెనీలో వచ్చింది, పెద్దగా అమ్ముడుపోలేదు. రెండోదాని కోసం చేసిన రికార్డింగ్స్‌ని ఆ కంపెనీ వద్దంది. అదే సరుకు పట్టుకుని వీళ్లు అట్లాంటిక్ రికార్డ్స్‌కి వెళ్లారు. అక్కడ అరిఫ్ మార్డిన్ అనే ప్రొడ్యూసర్ చేతిలో పడ్డారు. టర్కీ నుంచి అమెరికా వచ్చిన మనిషి, అరేతా ఫ్రాంక్లిన్ లాంటి వాళ్లతో పనిచేసిన చెయ్యి. ఆయనతో ఆల్బం మళ్లీ రికార్డు చేశారు. ‘పికప్ ద పీసెస్’ అందులోదే.

దీన్ని సింగిల్‌గా వదులుదాం అన్నప్పుడు బ్యాండ్‌లోనే ఒకాయన ఒప్పుకోలేదు. ఎవరో కాదు, సాక్సఫోన్ సోలో వాయించిన మాలీ డంకన్. స్కాట్లాండ్ వాళ్లు వాయించిన ఫంక్, పైగా ఒక్క అరుపు తప్ప మాటల్లేని పాట, ఎవడు కొంటాడు అని ఆయన వాదన. న్యాయంగానే ఉంది కదా! రిలీజ్ మీటింగ్‌లో ఉండుంటే నేనూ ఆయన పక్కనే కూర్చునేదాన్ని.

1974 జూలైలో బ్రిటన్‌లో సింగిల్ వచ్చింది. చార్టులోకే ఎక్కలేదు. మన సినిమా భాషలో చెప్పాలంటే మార్నింగ్ షోకే తేలిపోయింది.

బ్యాండ్ అప్పటికే అమెరికా మీద ఆశ పెట్టుకుంది. సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో ప్రోగ్రాములు చేశారు. 23వ తేదీన అక్కడ ఒక పార్టీలో కొకైన్ అనుకుని కొందరు తీసుకున్నది నిజానికి హెరాయిన్. డ్రమ్మర్ రాబీ మెకింటాష్ చనిపోయాడు. వయసు 24. ఈ కాలమ్ చదివేవాళ్లలో చాలామంది ఆ వయసువాళ్లే. అదే తీసుకున్న బేసిస్ట్ అలన్ గోరీ మాత్రం బతికాడు. పార్టీకి వచ్చిన గాయని షేర్ అతన్ని నిద్రపోనివ్వకుండా మెలకువగా ఉంచింది.

బ్యాండ్ ఆగిపోలేదు. మెకింటాష్ కుర్చీలోకి స్టీవ్ ఫెరోన్ వచ్చాడు. ఇంగ్లండ్‌లోని బ్రైటన్ కుర్రాడు, నల్లజాతివాడు. ‘వైట్ బ్యాండ్’ అని పేరు పెట్టుకున్నవాళ్లలో మొదటి నల్లజాతి సభ్యుడన్నమాట.

ఈలోగా అమెరికా రేడియో స్టేషన్లు పాటని వేయడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో పోయిందన్న సంగతి అక్కడి శ్రోతలకి తెలీదు, తెలిసినా పట్టింపు లేదు. పాట మెల్లమెల్లగా పైకి ఎగబాకింది. 1975 ఫిబ్రవరి 22న బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్. ఆల్బం కూడా నంబర్ వన్‌కి వెళ్లింది. ఇంకో ముచ్చట, నల్లజాతి శ్రోతల అభిరుచిని లెక్కగట్టే సోల్ చార్టులో కూడా 5వ స్థానం దాకా వెళ్లింది. నాకైతే ఆ 5 ఈ నంబర్ వన్ కన్నా గొప్పగా అనిపిస్తుంది. ఎవరి సంగీతమో వాళ్లే ఒప్పుకున్నారు కదా.

అప్పుడు బ్రిటన్‌కి గుర్తొచ్చింది. జూలైలో ఎవరూ పట్టించుకోని అదే పాట ఇప్పుడు అక్కడ 6వ స్థానానికి చేరింది. అమెరికా సర్టిఫికెట్ చూశాకే ఇంట్లోవాళ్లు మెచ్చుకోవడం మనకేం కొత్త కాదులెండి.

జేమ్స్ బ్రౌన్ వెనక వాయించే బృందం ఊరుకుంటుందా? ‘అబవ్ యావరేజ్ బ్లాక్ బ్యాండ్’ అని పేరు పెట్టుకుని, దీనికి సమాధానంగా ఒక రికార్డు వదిలింది. అంటే, మీరు యావరేజ్ వైట్, మేం అంతకంటే పైన, బ్లాక్! ఈ ఎదురు దెబ్బంత తియ్యటి మెచ్చుకోలు ఇంకోటి ఉంటుందా?

అదే ఏడాది వచ్చిన తర్వాతి ఆల్బం ‘కట్ ద కేక్’ని వాళ్లు మెకింటాష్‌కి అంకితం ఇచ్చారు.

పాట నంబర్ వన్ అయ్యేసరికి స్టేజీ మీద డ్రమ్స్ వాయిస్తున్నది ఫెరోన్. మీ ఇయర్‌ఫోన్స్‌లో వినిపించేది మాత్రం మెకింటాష్. ఈసారి పెట్టినప్పుడు సాక్సఫోన్లని కాసేపు వదిలేసి, వాటి కింద నడిచే ఆ డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని వినండి.