మంచు లేని ఊరిలో ఐస్ హాకీ

హుజూర్‌నగర్ వేసవిలో మంచుగడ్డ సోడాబండి దగ్గరే కనిపిస్తుంది. అయినా లడఖ్‌లో గడ్డకట్టిన చెరువులపై ఐస్ హాకీ ఆడిన క్రీడాకారుడు ఇక్కడికి వస్తే సాధన మానుకోనక్కరలేదు. ఒకే వరుసలో చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్లు ధరిస్తే చాలు. అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో హాకీ ఆటగాళ్లయిన ఆల్సన్ సోదరులు 1980 ప్రాంతంలో వీటిని మెరుగుపరచినది కూడ మంచులేని నెలల సాధన కొరకే.

అయితే ఎంపికలో చాలామంది పొరబడతారు. చక్రాల మెరుపు చూస్తారు గాని, వాటిని బూటుకు కలిపే ఫ్రేమును గమనించరు. మంచుబ్లేడు అడుగు విల్లువలె కొద్దిగా వంగి ఉంటుంది. ఆ వంపు వల్లనే ఆటగాడు చిటికెలో మలుపు తిరుగుతాడు. నాలుగు చక్రాలూ సమంగా నేలనంటే ఫ్రేము, మంచుకు అలవాటుపడిన పాదానికి ఇరుకు సందులో ఎడ్లబండిని తిప్పినట్లుంటుంది. ముందు చక్రాలు 76, వెనుకవి 80 మిల్లీమీటర్ల వ్యాసం గల ఫ్రేము శరీరభారాన్ని ముందుకు నెడుతుంది. బ్లేడువలె ముందువెనుకలకు ఊగే ఫ్రేములు కూడ ఉన్నాయి. తిరిగి మంచుపై ఆడదలచినవారికి ఇవే మేలు.

చక్రాల గట్టిదనాన్ని నేల నిర్ణయిస్తుంది. నున్నని గచ్చుకు మెత్తనివి తగును. సిమెంటు కర్మాగారాలకు పేరుపడిన ఈ ప్రాంతపు గరుకు రోడ్లపై అవి త్వరగా అరిగిపోతాయి, గట్టివే కొనాలి.

అన్నింటికన్నా ముందు చూడవలసినది బూటు. మడమ లేస్తుంటే ఎంత ఖరీదైన ఫ్రేమైనా వ్యర్థమే. పిల్లలు ఎదుగుతారని రెండు సైజులు పెద్దవి కొనడం పొదుపు కాదు, చీలమండకు ప్రమాదం. ఆటకు వాడే మేజోళ్లే తొడిగి, పాదం కొంత ఉబ్బి ఉండే సాయంత్రం వేళ వేసి చూడాలి.