సిద్దిపేట స్థానము మనకు నేర్పునది

ఊరు చెక్కుచెదరక నిలిచియుండగా, దాని పేరిటనున్న పార్లమెంటు స్థానము మాత్రము అంతరించుట వింతగా తోచవచ్చును. మన పొరుగుననున్న సిద్దిపేటకు అట్లే జరిగినది. షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడిన సిద్దిపేట లోక్‌సభ నియోజకవర్గమునుండి 1967లో శ్రీ జి. వెంకటస్వామి గారు ఎన్నికైరి. పిమ్మట శ్రీ నంది ఎల్లయ్య, శ్రీ మల్యాల రాజయ్య మొదలగువారు ప్రాతినిధ్యము వహించిరి. 2004లో శ్రీ సర్వే సత్యనారాయణ గారు గెలిచినదే అచ్చటి కడపటి సార్వత్రిక ఎన్నిక. 2008 నాటి పునర్విభజనముతో ఆ స్థానము రద్దయ్యెను.

పేరు పోయినది గనుక గౌరవము పోయినదని కొందరు చింతింతురు. ఆ చింత తగదని నా యభిప్రాయము. నియోజకవర్గము ఊరికిచ్చిన బిరుదు కాదు; అది జనుల లెక్క. 2001 జనగణన ననుసరించి హద్దులు మార్చినప్పుడే జహీరాబాదు లోక్‌సభ స్థానమును, పటాన్‌చెరు శాసనసభ స్థానమును ఏర్పడి, 2009లో తొలి ఎన్నికలు చూచినవి. నేడు సిద్దిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మూడును మెదకు లోక్‌సభ స్థానములోనివే. సిద్దిపేటవారి ఓటు పోలేదు. దాని చిరునామా మారినది, అంతే.

చింతింపవలసినది వేరొకటి కలదు. రామచంద్రపురమున భెల్ కర్మాగారము వెలసిన 1960వ దశకము మొదలు ఈ ప్రాంతమునకు పొట్టకూటికై వచ్చిన కార్మికు లనేకులు. జనగణన వారిని ఇచ్చటివారిగా లెక్కించును. ఆ లెక్కనుబట్టియే హద్దులు గీయబడును. కాని వారిలో కొందరి పేరు నేటికిని స్వగ్రామపు ఓటర్ల జాబితాలోనే యున్నది. పోలింగునాడు అచ్చటికి పోలేరు. ఇచ్చట ఓటు వేయలేరు. లెక్కలో చేరియు మాట చెల్లనివారు వీరే.

“బయటినుండి వచ్చినవారికి ఇచ్చట ఓటేల?” అని యడుగువారు లేకపోలేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము పుట్టిన యూరు నడుగదు. సాధారణముగా నివసించు చోటు నడుగును. ఇచ్చటి రోడ్డు, నీరు, పొగ అనుభవించువాడు ఇచ్చటి ప్రతినిధిని ఎన్నుకొనుట న్యాయమే గదా!

కావున విద్యార్థులారా, పోయిన పేరునకై వగవక, జాబితాకెక్కని పేరును వెదకుడు. మీ యింట పదునెనిమిదేండ్లు నిండినవారిని, మీ వీధిలోని కార్మికుని అడుగుడు. ఒకరి పేరు రెండు చోట్ల నుండరాదని చెప్పి, దరఖాస్తు నింపుటకు తోడ్పడుడు. హద్దులు మరల మారవచ్చును. ఓటు మాత్రము మనుష్యుని వెంట నడువవలెను.