టైం టేబుల్లోనే మూతపడుతున్న స్టేషన్లు

రంగారెడ్డి జిల్లా కందుకూరుకు రైలు లేదు. శ్రీశైలం రోడ్డు మీద వచ్చే బస్సే దిక్కు. ఇప్పుడు మీర్‌ఖాన్‌పేట చుట్టూ ఫ్యూచర్ సిటీ అంటున్నారు, మెట్రో అంటున్నారు, రింగు రైలూ అంటున్నారు. రావాల్సిందే, కాదనేవారెవరు? కాకపోతే, లైను వేయించుకోవడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం మరో ఎత్తు. కోటిపల్లిని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

కోటిపల్లి గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది. ముక్తేశ్వరం వెళ్లే మోటారు సైకిళ్లు, సామాన్ల మూటలు రేవులో పంటు ఎక్కి అవతలికి దాటుతుంటాయి. కోనసీమ జనం ఏరు దాటి వచ్చి రైలెక్కేలా కాకినాడ నుంచి ఇక్కడిదాకా 45 కిలోమీటర్ల లైను వేశారు. 1928 నాటికే రైళ్లు నడిచాయి. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధ అవసరాలకని పట్టాలు పీక్కుపోయింది. యుద్ధం ముగిసింది, వాళ్లూ వెళ్లిపోయారు, పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. అప్పటి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టాక గానీ ఫైలు కదల్లేదు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. 2004లో రైలు వచ్చింది. మధ్యలో గడిచినవి 64 ఏళ్లు.

వచ్చిందేమిటంటే, ఒకే పెట్టె రైల్‌బస్సు, అదీ రోజుకు ఒక్కసారి. రామచంద్రపురం నుంచి కాకినాడ కాలేజీకి వెళ్లే పిల్లాడికి పొద్దున పోవడానికొకటి, సాయంత్రం రావడానికొకటి కావాలి. అది లేనప్పుడు వాడు బస్‌పాసే తీసుకుంటాడు. టికెట్లు తెగలేదంటే తప్పెవరిది? 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఆ బండి ఆగింది. దేశమంతా రైళ్లు కదిలాక కూడా దీన్ని ఏళ్ల తరబడి పట్టించుకున్నవాళ్లు లేరు. మొదటిసారి పట్టాలు పీకి మూశారు, రెండోసారి ఆ శ్రమ కూడా అక్కర్లేకపోయింది.

రైళ్లు తగ్గిస్తే జనం తగ్గుతారు, జనం తగ్గారు కాబట్టి హాల్టు ఎత్తేస్తారు. రైల్వే చెప్పే ‘ఆదాయం లేదు’ అన్న మాటలో సగం రైల్వే చేసుకున్నదే. వరంగల్ జిల్లా నెక్కొండ వాళ్లకు ఈ లెక్క బాగా అర్థమైంది. సికింద్రాబాద్-గుంటూరు ఇంటర్‌సిటీకి ఆదాయం షరతు మీద హాల్టు ఇస్తే, 2024లో ఊరివాళ్లు వాట్సాప్ గ్రూపు పెట్టి చందాలు పోగేసి రోజుకు 60 దాకా టికెట్లు కొన్నారు. ఎక్కడానికి కాదు, రైలు ఆగడానికి! విని నవ్వుకున్నాం గానీ, ప్రయాణం చేయని టికెట్టుతో స్టేషన్‌కు విలువ కట్టే పద్ధతిని ఎవరూ నిలదీయలేదు.

ఒక హాల్టు తీసేసే ముందు కనీసం ఏడాది పాటు ఉదయం, సాయంత్రం పనివేళల్లో రైలు నడిపి చూడాలి. ఆ ఊళ్లో దిగేవాళ్లనూ, ఫోన్‌లో టికెట్టు తీసుకున్నవాళ్లనూ లెక్కలో కలపాలి. కందుకూరుకు లైను ఇస్తామని వచ్చే నాయకుడిని స్టేషన్ ఎక్కడని అడగడంతో సరిపెట్టకూడదు. పొద్దున 7 నుంచి 9 దాకా ఎన్ని బండ్లు నడుపుతారో కూడా అప్పుడే అడగాలి.