వెనక చక్రాలకు బేడీలు



మీ బడిలో పొడుగాటి బెంచీని ఇద్దరు కలిసి ఎప్పుడైనా మోశారా? ఈసారి మోసేటప్పుడు కాస్త గమనించండి. ముందువాడు కుడివైపుకు, వెనకవాడు ఎడమవైపుకు అడుగు వేస్తే బెంచీ ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. ఇద్దరూ కుడివైపుకే వేస్తే అది తిరగదు. ఉన్నదున్నట్టు పక్కకు జరుగుతుంది.

ఈ కిటుకునే జపానువారు కారులో పెట్టారు. మామూలు కారులో స్టీరింగు తిప్పితే ముందు చక్రాలే తిరుగుతాయి. నిస్సాన్ కంపెనీవారు 1985లో స్కైలైన్ అనే కారుకు "హైకాస్" అనే ఏర్పాటు చేశారు. అందులో వెనక చక్రాలు కూడా రవ్వంత తిరుగుతాయి. వేగంగా పోయేటప్పుడు అవి ముందు చక్రాల వైపే తిరిగితే, కారు తోక విసరకుండా, బెంచీలాగా నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. 1987లో హోండావారి ప్రెల్యూడ్ కారు ఇదే పనిని కంప్యూటరు లేకుండా, వట్టి పళ్ళచక్రాలతో చేసింది. నాకు అదే ఎక్కువ ముచ్చట!

రవ్వంత అంటే ఎంత? 1989లో వచ్చిన స్కైలైన్ జి.టి.ఆర్.లో సుమారు ఒక డిగ్రీ. మీ కోణమానినిలో ఒక్క గీత. అదేపాటి అంటారా? లెక్క వెయ్యండి. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. పోయే దిశ ఒక్క డిగ్రీ మారితే, ఆ ఒక్క సెకనులోనే కారు అర మీటరు పక్కకు పోతుంది!

అంచేతనే చిక్కు వచ్చింది. ఆ కార్లు ముసలివయ్యాయి. వెనక చక్రాలను తిప్పే కడ్డీల కీళ్ళు, అంటే బాల్ జాయింట్లు, అరిగి వదులయ్యాయి. నూనె ఒత్తిడితో పనిచేసేవాటిలో నూనె కారసాగింది. డ్రైవరు తిప్పకపోయినా చక్రం తనంతట తాను ఊగుతుంది. పైగా కారును కావాలని జార్చి నడిపే పందెగాళ్ళకు, వెనక చక్రాలు తమను అడక్కుండా తిరగడం బొత్తిగా గిట్టలేదు.

దానికోసం బజారులో ఒక సరంజామా అమ్ముతారు. చక్రాలను తిప్పే యంత్రాన్ని తీసేసి, ఆ చోట గట్టి ఇనపకడ్డీ బిగిస్తారు. ఇక వెనక చక్రాలు అటూ ఇటూ తిరగవు. నూనె గొట్టాలను సరిగా మూసెయ్యాలి. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో కొలిపించాలి. ఇంకో చవకరకం ఉన్నది. యంత్రం కదలకుండా అడ్డుబిళ్ళలు పెడతారు, అంతే. కీళ్ళు అరిగి ఉంటే ఈ బిళ్ళల వల్ల ఊగుడు పోదు.

మా మనవడు ఇది విని, "తాతయ్యా, కారు చేసిన ఇంజనీర్లకంటే మెకానిక్కుకు ఎక్కువ తెలుసా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఇంజనీరు లెక్క కొత్త కీళ్ళకు వేసింది. మెకానిక్కు చూస్తున్నది అరిగిన కీళ్ళను. విడిభాగాలు దొరికితే బాగుచేయించుకోవడమే నాకిష్టం. దొరకనప్పుడు ఊగే చక్రంకంటే బిగిసిన చక్రం మేలు. కాని యంత్రం తీసేశాక హెచ్చరిక దీపం వెలుగుతుందని, ఆ బల్బు పీకి పారేసేవారున్నారు. అలాంటి కారును తరువాత కొన్నవాడికి సంగతి ఎలా తెలుస్తుంది?

వెనక చక్రాలు తిప్పే కార్లు మళ్ళీ వస్తున్నాయి. 2020లో వచ్చిన మెర్సిడెస్ ఎస్-క్లాసులో 10 డిగ్రీల దాకా తిరిగే ఏర్పాటు ఉన్నది.

అన్నట్టు, బెంచీ ప్రయోగం చేసేటప్పుడు కాళ్ళమీద పడేసుకోకండి. మాస్టారిని అడిగి మరీ చెయ్యండి.